కంపెనీల ఎన్నికల సొమ్మును కాగితాల్లో వెతికి పట్టుకోవడం ఎలా: వరంగల్ ఓటరుకు సమగ్ర మార్గదర్శి

ఏ కంపెనీ ఏ రాజకీయ పార్టీకి ఎంత ఇచ్చిందో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 ఫిబ్రవరి 15న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి మాట్లాడుకున్నంతగా దాన్ని వాడుకోవడం మన ప్రాంతంలో ఇంకా మొదలు కాలేదని నా అభిప్రాయం. కంపెనీ లెక్క ఒక చోట, పార్టీ లెక్క మరొక చోట, అభ్యర్థి లెక్క ఇంకొక చోట ఉంటాయి. ప్రభుత్వం ఇచ్చిన కాంట్రాక్టు ఒప్పందం వీటన్నిటికీ దూరంగా ఏదో ఒక శాఖ ఫైళ్లలో ఉంటుంది. వీటిని పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఆ హక్కుకు అర్థం ఉండదు. హన్మకొండ, వరంగల్, భూపాలపల్లి, కరీంనగర్ ప్రాంతాల్లో ఉండే ఓటరు గానీ, విలేకరి గానీ, న్యాయశాస్త్ర విద్యార్థి గానీ న్యాయవాది సాయం లేకుండా ఈ పని చేసుకోగలగాలన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న: భావప్రకటన స్వేచ్ఛ ఎవరిది?

సమాచారం అడగడానికి వెళ్లినవారికి తరచుగా ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది. విరాళం ఇవ్వడం కూడా అభిప్రాయం చెప్పడమేననీ, ఎవరికి ఇచ్చామన్నది తమ స్వేచ్ఛకూ గోప్యతకూ సంబంధించిన విషయమనీ అవతలివారు అంటారు. దీనికి జవాబు తెలియకుండా ముందుకు వెళ్తే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాం.

ఈ వాదనకు బలమైన రూపం అమెరికాలో వచ్చింది. ఎన్నికల్లో డబ్బు ఖర్చు పెట్టడం రాజకీయ భావప్రకటనలో భాగమని అక్కడి సుప్రీంకోర్టు 1976లో బక్లీ వర్సెస్ వాలియో కేసులో భావించింది. విరాళాల మీద పరిమితిని అంగీకరించి, ఖర్చు మీద పరిమితిని కొట్టివేసింది. 2010 జనవరి 21న సిటిజన్స్ యునైటెడ్ కేసులో 5-4 మెజారిటీతో మరొక అడుగు వేసి, అభ్యర్థితో సంబంధం లేకుండా కంపెనీలు, కార్మిక సంఘాలు సొంతంగా చేసే ఎన్నికల ఖర్చును నిషేధించరాదని చెప్పింది. అయినా ఒక కంపెనీ ఫెడరల్ ఎన్నికల్లో పోటీచేసే అభ్యర్థికి నేరుగా విరాళం ఇవ్వడం అక్కడ 1907 నాటి టిల్‌మన్ చట్టం కాలం నుంచి నిషిద్ధమే.

మన దేశంలో ఏర్పాటు దాదాపుగా దీనికి తలకిందులుగా ఉంది. ఇక్కడ కంపెనీ పార్టీకి నేరుగా విరాళం ఇవ్వవచ్చు. అయితే అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం సభ పెట్టినా, ప్రకటన వేసినా, కరపత్రం పంచినా అది భారతీయ న్యాయ సంహితలోని 176వ సెక్షన్ కింద నేరమవుతుంది, దానికి పదివేల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. అందువల్ల మన ఊరి ఎన్నిక గురించి మాట్లాడేటప్పుడు అమెరికా తీర్పును అడ్డం పెట్టుకోవడం కుదరదు.

రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం భావప్రకటన స్వేచ్ఛను పౌరులకు ఇచ్చింది. కంపెనీ పౌరుడు కాదని స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ కేసులో 1963లోనే తేలింది. పత్రికా సంస్థల విషయంలో వాటాదారుల, సంపాదకుల హక్కుల ద్వారా ఆ రక్షణ వర్తిస్తుందని 1972లో బెన్నెట్ కోల్‌మన్ కేసులో కోర్టు అంగీకరించింది. మరోవైపు 2002లో అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ కేసులో, అభ్యర్థుల గురించి తెలుసుకునే హక్కు అదే 19(1)(ఎ) అధికరణం నుంచి ఓటరుకు వస్తుందని కోర్టు స్పష్టం చేసింది. 2024 తీర్పు ఈ దారులన్నిటినీ ఒకచోట కలిపింది. వ్యక్తి తన రాజకీయ విశ్వాసంతో ఇచ్చే విరాళానికి గోప్యత అవసరం ఉండవచ్చు గానీ, కంపెనీలు ఇచ్చేవి ప్రతిఫలం ఆశించి చేసే వ్యాపార లావాదేవీలని కోర్టు చెప్పింది. కాబట్టి ఎవరైనా స్వేచ్ఛ మాట ఎత్తితే, మన రాజ్యాంగంలో ఆ మాట ముందుగా ఓటరు పక్షాన నిలబడుతుందని మర్యాదగా గుర్తుచేయవచ్చు.

ఇది కొత్త ఆందోళన కూడా కాదు. కంపెనీల డబ్బు ప్రజాస్వామ్యాన్ని ముంచెత్తే ప్రమాదం ఉందని బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. ఛాగ్లా 1957లోనే హెచ్చరించారు. 1969లో పార్లమెంటు కంపెనీ విరాళాలను పూర్తిగా నిషేధించింది, 1985లో పరిమితితో మళ్లీ అనుమతించింది. 2017లో ఆర్థిక చట్టం ద్వారా ఆ పరిమితిని తొలగించారు. 2024 తీర్పు ఆ తొలగింపును సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టివేసింది.

మొదటి అడుగు: ఇచ్చినవారు ఎవరో గుర్తించండి

మన ప్రాంతంలో ఎన్నికలకు సొమ్ము సమకూర్చగల సంస్థలను మూడు రకాలుగా విడదీసుకోవాలి, ఎందుకంటే వాటికి వర్తించే నిబంధనలు వేర్వేరు.

ప్రభుత్వ కంపెనీలు ఏ పార్టీకీ విరాళం ఇవ్వకూడదు. భూపాలపల్లిలో గనులున్న సింగరేణి సంస్థలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది కనుక అది ఈ నిషేధం పరిధిలోకి వస్తుంది. హన్మకొండ కేంద్రంగా పనిచేసే ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ కూడా అంతే. ఇలాంటి సంస్థ పేరు మీద పార్టీ సంబరానికి వేదిక గానీ, ఒక పార్టీ ప్రత్యేక సంచికకు ప్రకటన గానీ కనిపిస్తే అది వెంటనే నమోదు చేసుకోవాల్సిన విషయం.

ప్రైవేటు, పబ్లిక్ లిమిటెడ్ కంపెనీలకు కంపెనీల చట్టం, 2013లోని 182వ సెక్షన్ వర్తిస్తుంది. కంపెనీకి కనీసం మూడేళ్ల వయసు ఉండాలి, విరాళాన్ని డైరెక్టర్ల బోర్డు సమావేశంలో తీర్మానం చేయాలి, గడిచిన మూడు ఆర్థిక సంవత్సరాల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి ఇవ్వకూడదు. ఉదాహరణకు ఒక కంపెనీకి మూడేళ్లలో వరుసగా 10, 12, 14 కోట్ల రూపాయల లాభం వస్తే సగటు 12 కోట్లు అవుతుంది. అంటే ఆ సంవత్సరం ఆ కంపెనీ గరిష్ఠంగా ఇవ్వగలిగింది 90 లక్షలు. విరాళం చెక్కు, డ్రాఫ్టు లేదా బ్యాంకు బదిలీ ద్వారానే ఇవ్వాలి. ఉల్లంఘిస్తే కంపెనీకి విరాళానికి ఐదు రెట్ల వరకు జరిమానా, బాధ్యులైన అధికారులకు ఆరు నెలల వరకు జైలు కూడా ఉంటుంది.

మూడో రకాన్ని చాలామంది మరచిపోతారు. ఏనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న కమీషన్ వ్యాపారులు, పత్తి జిన్నింగ్ మిల్లుల యజమానులు, రైస్ మిల్లర్లు, కరీంనగర్ వైపు గ్రానైట్ వ్యాపారులు, సొంత పేరుతో పనులు చేసే కాంట్రాక్టర్లలో చాలామంది భాగస్వామ్య సంస్థలుగా లేదా వ్యక్తులుగా వ్యాపారం చేస్తారు. వారికి 7.5 శాతం పరిమితి వర్తించదు, కంపెనీ లెక్కలు దాఖలు చేసే బాధ్యతా లేదు. వారి జాడ తెలియాలంటే పార్టీ ఇచ్చే నివేదికే ఆధారం.

రెండో అడుగు: కంపెనీ లెక్కలు తెరవండి

కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో కంపెనీ పేరు వెతికితే దాని గుర్తింపు సంఖ్య, అంటే సిన్, దొరుకుతుంది. 21 అక్షరాల ఆ సంఖ్యలోనే కంపెనీ స్థాపించిన సంవత్సరం ఉంటుంది కనుక మూడేళ్ల నిబంధనను అక్కడికక్కడే సరిచూడవచ్చు. తరువాత స్వల్ప రుసుము చెల్లించి ఆ కంపెనీ దాఖలు చేసిన పత్రాలు చూడవచ్చు. వాటిలో ఏఓసీ-4 అనే పత్రానికి జతచేసిన లాభనష్టాల పట్టిక, దాని కింది వివరణలు మనకు కావాలి. విరాళం సాధారణంగా ‘ఇతర ఖర్చులు’ అన్న పద్దు కింద చిన్న వరుసగా ఉంటుంది, కాబట్టి పట్టికను మాత్రమే చూసి వదిలేయకుండా వివరణలను చివరి వరకు చదవాలి.

2017 నుంచి 2024 తీర్పు వరకు కంపెనీలు మొత్తం ఎంత ఇచ్చామో చెబితే సరిపోయేది, ఏ పార్టీకి ఇచ్చామో రాయాల్సిన అవసరం ఉండేది కాదు. ఆ సవరణను కోర్టు కొట్టివేసింది. అందువల్ల ఆ మధ్య సంవత్సరాల లెక్కల్లో పార్టీ పేరు కనిపించకపోతే దాన్ని వెంటనే అక్రమంగా భావించకూడదు.

అదే పోర్టల్‌లో డైరెక్టర్ల పేర్లు కూడా ఉంటాయి. ఒకే వ్యక్తి మరే కంపెనీల్లో డైరెక్టర్‌గా ఉన్నారో రాసిపెట్టుకోండి. ఒక కంపెనీ లెక్కలో కనిపించని సొమ్ము దాని అనుబంధ కంపెనీ లెక్కలో కనిపించే అవకాశం ఉంది.

182వ సెక్షన్‌లో మన ప్రాంతానికి ఎంతో పనికొచ్చే ఒక నిబంధన ఉంది. పార్టీ తరఫున వచ్చే ప్రత్యేక సంచికలో, కరపత్రంలో, బ్రోచర్‌లో కంపెనీ ప్రకటన వేస్తే దానికైన ఖర్చును ఆ పార్టీకి ఇచ్చిన విరాళంగానే లెక్కించాలి. పార్టీ నేరుగా అచ్చు వేయకపోయినా పార్టీకి మేలు చేసే సంచిక అయితే అది రాజకీయ ప్రయోజనం కోసం చేసిన ఖర్చవుతుంది. నాయకుల పుట్టినరోజులకూ, పార్టీ మహాసభలకూ వెలువడే సంచికల్లో శుభాకాంక్షల ప్రకటనలు ఇచ్చిన కంపెనీల పేర్లను రాసిపెట్టుకుని, ఏడాది తరువాత వాటి లెక్కల్లో ఆ ఖర్చు ఏ పద్దు కింద ఉందో చూడండి. ‘వ్యాపార ప్రచారం’ కింద ఉంటే అడగాల్సిన ప్రశ్న మీకు దొరికినట్లే.

మూడో అడుగు: పార్టీల నివేదికలు, ట్రస్టులు, బాండ్లు

ప్రజా ప్రాతినిధ్య చట్టం, 1951లోని 29సి సెక్షన్ ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో 20,000 రూపాయలకు మించి ఇచ్చిన ప్రతి దాత వివరాలను పార్టీ ఎన్నికల సంఘానికి తెలియజేయాలి. దీనికి ఫారం 24ఎ వాడతారు, ఎన్నికల సంఘం దాన్ని తన వెబ్‌సైటులో ఉంచుతుంది. ఇది చాలా పార్టీల విషయంలో స్కాన్ చేసిన చిత్రంగా ఉంటుంది కనుక కంప్యూటర్‌లో పేరు కొట్టి వెతకడం కుదరదు. ఓపికతో పేజీ తరువాత పేజీ చదువుతూ, చిరునామాలో వరంగల్, హన్మకొండ, కరీంనగర్ అని ఉన్న వరుసలను ఒక పట్టికలో రాసుకోవాలి. 20,000 కంటే తక్కువగా ఇచ్చినవారి పేర్లు మనకు తెలిసే మార్గం లేదు. చట్టంలో ఇది పెద్ద లోపమని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే పెద్ద మొత్తాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి చూపే అవకాశాన్ని చట్టమే వదిలిపెట్టింది. నగదు రూపంలో 2,000 రూపాయలకు మించి తీసుకుంటే పార్టీ ఆదాయపు పన్ను మినహాయింపు ప్రమాదంలో పడుతుందన్న నియమం మాత్రం కొంత అడ్డుకట్ట వేస్తుంది.

కంపెనీ పేరు పార్టీ నివేదికలో లేకపోతే ఎలక్టోరల్ ట్రస్టుల నివేదికలు చూడాలి. 2013 నాటి పథకం కింద ఏర్పడిన ఈ ట్రస్టులు తమకు వచ్చిన సొమ్ములో కనీసం 95 శాతాన్ని అదే సంవత్సరంలో పార్టీలకు పంచాలి, ఎవరి నుంచి ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ఇచ్చారు అన్న జాబితాలను ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. చాలా కంపెనీల సొమ్మును ఒక చోట కలిపి పంచడం వల్ల ఫలానా కంపెనీ సొమ్ము ఫలానా పార్టీకే వెళ్లిందని కచ్చితంగా చెప్పలేకపోవచ్చు. అలాంటప్పుడు తేదీలను, మొత్తాలను పోల్చి చూసి, ‘ట్రస్టు ద్వారా’ అని స్పష్టంగా రాయాలి.

ఎలక్టోరల్ బాండ్లంటే బ్యాంకులో కొని, ఇచ్చినవారి పేరు బయటపడకుండా పార్టీకి విరాళంగా ఇవ్వగలిగిన పత్రాలు; 2024 తీర్పు ఆ పథకాన్నే కొట్టివేసింది. వాటి సమాచారం ఇప్పుడు చరిత్రే అయినా, మన ప్రాంతానికి దాని విలువ తగ్గలేదు. 2019 ఏప్రిల్ 12 నుంచి బాండ్లు కొన్నవారి, నగదుగా మార్చుకున్న పార్టీల జాబితాలను ఎన్నికల సంఘం 2024 మార్చి 14న ప్రచురించింది. ఎవరు కొన్న బాండు ఎవరికి చేరిందో అందులో తెలియదు. సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించాక, ప్రతి బాండు మీదా ఉన్న ప్రత్యేక సంఖ్యలతో కూడిన జాబితా మార్చి 21న వచ్చింది. మీరు వాడాల్సింది ఆ రెండో జాబితానే. దాని ప్రకారం బీజేపీ రూ.6,060 కోట్లకు పైగా, కాంగ్రెస్ రూ.1,421 కోట్లకు పైగా, బీఆర్‌ఎస్ రూ.1,214 కోట్లకు పైగా నగదుగా మార్చుకున్నాయి. కొన్నవారి జాబితాలో, కొన్న తేదీ క్రమంలో చూస్తే ఎక్కువ విషయాలు తెలుస్తాయి.

నాలుగో అడుగు: అభ్యర్థి ఖర్చు లెక్క

మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు. పార్టీ సాధారణ ప్రచారానికి చేసే ఖర్చుకు పరిమితి లేదు. తారాప్రచారకుల (స్టార్ క్యాంపెయినర్ల) ప్రయాణ ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకి రాదు. ఈ రెండు దారుల గుండా కంపెనీల సొమ్ము నియోజకవర్గంలోకి వస్తుంది కనుక అభ్యర్థి లెక్క చిన్నగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఫలితం వెలువడిన 30 రోజుల్లో అభ్యర్థి తన లెక్కను జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. వరంగల్ పశ్చిమ, పరకాల నియోజకవర్గాలకు హన్మకొండ కలెక్టరేట్, వరంగల్ తూర్పు, నర్సంపేటలకు వరంగల్ కలెక్టరేట్, భూపాలపల్లికి అక్కడి కలెక్టరేట్ చూడాలి. ఎన్నికల నిర్వహణ నియమావళి, 1961లోని 88వ నియమం ప్రకారం ఎవరైనా ఒక రూపాయి రుసుము చెల్లించి ఈ లెక్కలను పరిశీలించవచ్చు, నిర్ణీత రుసుముకు ధ్రువీకరించిన నకళ్లు తీసుకోవచ్చు. ఈ నియమం సంఖ్యను కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఎందుకంటే కింది స్థాయి సిబ్బందికి ఇది గుర్తుండకపోవచ్చు.

లెక్కలో అభ్యర్థికి సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో చూపే భాగాన్ని ముందుగా చదవండి: పార్టీ ఎంత ఇచ్చింది, వ్యక్తులూ సంస్థలూ ఎంత ఇచ్చారు, సొంత సొమ్ము ఎంత. ఆ తరువాత అభ్యర్థి నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌ను పక్కన పెట్టుకోండి. ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టుల వివరాలు, ఆదాయ మార్గాలు అభ్యర్థి అందులో చెప్పాలి.

పట్టభద్రుల, ఉపాధ్యాయుల ఎమ్మెల్సీ ఎన్నికలకు ఈ ఖర్చు పరిమితి వర్తించదు. ప్రజా ప్రాతినిధ్య చట్టంలో ఎన్నికల ఖర్చుకు సంబంధించిన అధ్యాయం లోక్‌సభకూ శాసనసభకూ మాత్రమే పరిమితం. వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల ఎన్నికలో ఎంత ఖర్చు పెట్టినా ఎవరూ లెక్క అడగలేరన్న విషయం చదువుకున్న ఓటర్లలోనే చాలామందికి తెలియదు. గ్రామ పంచాయతీ, కార్పొరేషన్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం పరిధిలో వేరే చట్టాల కింద నడుస్తాయి కనుక వాటి పరిమితులను వేరుగా చూసుకోవాలి.

ఐదో అడుగు: గోడ మీదా ఫోన్‌లోనూ కనిపించే ప్రచారం

ప్రజా ప్రాతినిధ్య చట్టంలోని 127ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం, పోస్టర్ ప్రతిదాని మీదా ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండాలి. ముద్రాపకుడు ప్రచురణకర్త ఇచ్చిన ధ్రువపత్రాన్ని, అచ్చయిన ప్రతితో సహా జిల్లా మేజిస్ట్రేట్‌కు పంపాలి. పేరు లేని కరపత్రం చేతికొస్తే, దాన్ని చించేయకుండా రెండు వైపులా ఫొటో తీసి, దొరికిన తేదీ, చోటు రాసిపెట్టుకోండి. ఫలానా సంస్థ పేరుతో ‘ప్రజల కోసం’ అని అచ్చయిన కాగితం ఒక అభ్యర్థికి ఓటు వేయమని చెబితే, దానికి అభ్యర్థి అనుమతి ఉందా అన్నది అడగాల్సిన ప్రశ్న. అనుమతి ఉంటే ఖర్చు ఆయన లెక్కలో చేరాలి, లేకపోతే ముందు చెప్పిన న్యాయ సంహిత 176వ సెక్షన్ వర్తిస్తుంది.

ఇక్కడ భావప్రకటన స్వేచ్ఛకు గౌరవం ఇవ్వడం మన బాధ్యత కూడా. వ్యాపారుల సంఘం పత్తి ధర గురించో, పన్ను గురించో, మెగా టెక్స్‌టైల్ పార్కు సౌకర్యాల గురించో పార్టీలకు వినతిపత్రం ఇవ్వడం ఎన్నికల ఖర్చు కాదు. విధానం మీద అభిప్రాయం చెప్పడాన్నీ, అభ్యర్థి గెలుపు కోసం డబ్బు పెట్టడాన్నీ ఒకే గాటన కట్టి ఫిర్యాదు చేస్తే మన మాటకు విలువ పోతుంది.

ఫోన్‌లో వచ్చే ప్రకటనల విషయంలో గూగుల్ ప్రకటనల పారదర్శకతా కేంద్రం, మెటా ప్రకటనల గ్రంథాలయం (యాడ్ లైబ్రరీ) అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. అభ్యర్థి పేరుతో వెతికితే ఆ ప్రకటనకు సొమ్ము చెల్లించినట్లు చెప్పుకున్న పేజీ లేదా సంస్థ పేరు, ఖర్చు అంచనా కనిపిస్తాయి. ఎన్నడూ వినని పేరు కనిపిస్తే దాని సిన్ సంఖ్య కోసం రెండో అడుగుకు వెనక్కి వెళ్లండి.

ఆరో అడుగు: కాంట్రాక్టు తేదీలతో కలిపి చదవడం

విరాళం ఇచ్చిన సంస్థకు ప్రభుత్వ పనులు దక్కాయా అన్నది తెలుసుకోవడానికి రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో టెండర్లు చూడవచ్చు. ఒప్పందం నకలు, అంచనా సవరణ ఉత్తర్వులు, గడువు పొడిగింపు ఉత్తర్వులు కావాలంటే సంబంధిత ఇంజనీరింగ్ శాఖకు గానీ, గ్రేటర్ వరంగల్ నగర పాలక సంస్థకు గానీ పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయాలి. నా దృష్టిలో టెండరు కంటే సవరణ ఉత్తర్వులే ముఖ్యం, ఎందుకంటే పని దక్కిన తరువాత పెరిగిన అంచనా విలువ వాటిలోనే కనిపిస్తుంది. రాజకీయ పార్టీలకే సమాచార హక్కు దరఖాస్తు పెడదామనుకుంటే ఫలితం ఉండదు. ఆరు జాతీయ పార్టీలు ఈ చట్టం పరిధిలోకి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013లో చెప్పినా, పార్టీలు దాన్ని పాటించలేదు.

ఇప్పుడు ఒక కాగితం మీద విరాళం తేదీ, టెండరు తేదీ, సవరణ తేదీ వరుసగా రాయండి. రాసిన తరువాత నిర్ధారణకు రావడంలో తొందరపడకండి. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థ రూ.966 కోట్ల బాండ్లు కొన్నట్లు ఎన్నికల సంఘం జాబితాలో ఉంది. కాళేశ్వరం ప్రాజెక్టులో పంప్‌హౌస్ పనులు ఆ సంస్థ చేసిందన్నదీ బహిరంగ విషయమే. ఈ రెండు వాక్యాలూ ఆధారం ఉన్నవే గానీ, వాటి మధ్య ‘అందుకే’ అన్న మాట పెడితే అది ఏ జాబితాలోనూ లేని ఆరోపణ అవుతుంది. ఆ సంబంధాన్ని నిరూపించాల్సింది దర్యాప్తు సంస్థలు, కోర్టులు. మీ పని ఆ ప్రశ్నను తేదీలతో సహా, ఎవరూ కొట్టిపారేయలేనంత కచ్చితంగా ముందు పెట్టడం.

ఏడో అడుగు: ఎవరికి, ఎప్పుడు ఫిర్యాదు చేయాలి

ప్రవర్తనా నియమావళి అమల్లో ఉన్న రోజుల్లో కరపత్రాలు, ఫ్లెక్సీలు, విందులు, కానుకల గురించి ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్‌లో ఫొటోతో సహా ఫిర్యాదు చేయవచ్చు, లేదా 1950 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఖర్చు లెక్కల గురించి అయితే ఎన్నికల వ్యయ పరిశీలకుడికి రాతపూర్వకంగా ఇవ్వడం మేలు. పరిశీలకుడి బృందం ప్రతి అభ్యర్థికీ ఒక సమాంతర ఖర్చు నమోదు పుస్తకం రాస్తుంది. మీరు ఇచ్చిన ఫొటో, తేదీ, చోటు అందులో చేరితే, తరువాత అభ్యర్థి ఇచ్చే లెక్కతో పోల్చడానికి ఆధారం ఏర్పడుతుంది.

కంపెనీ 7.5 శాతం పరిమితి దాటినట్లు అనిపిస్తే హైదరాబాద్‌లోని కంపెనీల రిజిస్ట్రార్‌కు మూడేళ్ల లాభాల లెక్కను మీరే వేసి జతచేసి రాయండి. అభ్యర్థి పరిమితికి మించి ఖర్చు చేయడం ప్రజా ప్రాతినిధ్య చట్టంలోని 123(6) సెక్షన్ కింద అవినీతి చర్య. దీనిమీద ఆ నియోజకవర్గ ఓటరు ఎవరైనా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయవచ్చు, అయితే గెలిచిన అభ్యర్థి ఎన్నికైన తేదీ నుంచి 45 రోజుల్లోపే వేయాలి. ఖర్చు లెక్క దాఖలు చేయడానికి అభ్యర్థికి 30 రోజుల గడువు ఉంటుంది కనుక, దాన్ని తెచ్చుకుని, చదివి, న్యాయవాదికి చూపించి పిటిషన్ సిద్ధం చేయడానికి ఓటరుకు మిగిలేది రెండు వారాలే. కాబట్టి ప్రచారం జరిగే రోజుల్లోనే ఫొటోలు, కరపత్రాలు, ప్రకటనల వివరాలు తేదీలవారీగా భద్రపరచి ఉంచాలి, నకళ్ల దరఖాస్తును 31వ రోజు ఉదయమే కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోవాలి.